సెల్‌లో ఇనుము, స్కాన్‌లో నలుపు

అందరికీ నమస్కారం. ఫిజిక్స్ విద్యార్థులు, బయాలజీ విద్యార్థులు ఒకే హాల్లో కూర్చోవడం మన కాలేజీల్లో అరుదు. ఇవాళ నేను చెప్పబోయే విషయానికి ఇద్దరూ కావాలి. ఒకరు లేకుండా ఇంకొకరికి ఇది సగమే అర్థమవుతుంది. అందుకే మిమ్మల్ని ఇలా కలిపి చూడడం నాకు చాలా సంతోషంగా ఉంది.

నేరుగా విషయంలోకి వస్తాను. నెదర్లాండ్స్‌లో నైమెహెన్ అనే ఊరు ఉంది. అక్కడి యూనివర్సిటీ ఆస్పత్రి వైద్యులు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న ఎనిమిది మంది రోగుల మీద చేసిన పని అది. రోగి రక్తం నుంచే డెండ్రిటిక్ సెల్స్‌ని, అంటే శత్రువు ఆనవాళ్లని రోగనిరోధక వ్యవస్థకి చూపించే సెల్స్‌ని, తయారుచేస్తారు. క్యాన్సర్ ఆనవాళ్లను వాటికి పట్టిస్తారు. తర్వాత వాటిని అదే రోగి లింఫ్ నోడ్‌లోకి, అంటే రోగనిరోధక సెల్స్ చేరే చిన్న గ్రంథిలోకి, ఇంజెక్షన్ ద్వారా పంపుతారు. అక్కడ అవి టీ సెల్స్ అనే రక్షక సెల్స్‌కి ఆ ఆనవాళ్లు చూపించి, క్యాన్సర్ మీదికి ఉసిగొల్పాలి. ఒక రకంగా ఇది వ్యాక్సీన్. లింఫ్ నోడ్ చిన్నది కాబట్టి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది వేశారు.

పంపే ముందు వాళ్లు ఒక ఏర్పాటు చేశారు. కొన్ని సెల్స్‌కి ఐరన్ ఆక్సైడ్ నానోరేణువులు మింగించారు. మరికొన్నింటికి ఇండియం-111 అనే రేడియోధార్మిక పదార్థం పట్టించారు. ఇండియం గామా కెమెరాలో కనిపిస్తుంది, ఐరన్ ఎంఆర్ఐలో కనిపిస్తుంది. గామా కెమెరా బొమ్మలో ఆ ప్రాంతంలో ఒక మచ్చ కనిపించింది. సెల్స్ ఎక్కడో అక్కడే ఉన్నాయని మాత్రం తెలిసింది. ఎంఆర్ఐ తీసి చూస్తే, ఎనిమిది మందిలో నలుగురికి సెల్స్ నోడ్‌లో పడనే లేదు. పక్కన ఉన్న కణజాలంలో పడ్డాయి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఎంఆర్ఐ తీయకపోయి ఉంటే ఏమయ్యేది? సగం మందిలో వ్యాక్సీన్ పనిచేయలేదని రాసుకునేవాళ్లు. తప్పు సెల్స్‌దని, ఆ చికిత్స ఆలోచనదని అనుకునేవాళ్లు. నిజానికి సెల్స్ తమ పని మొదలుపెట్టాల్సిన చోటికే చేరలేదు. సెల్ థెరపీలో 'పనిచేసిందా' అని అడిగే ముందు 'చేరిందా' అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగడమే ఈ ఐరన్ ఆక్సైడ్ రేణువుల గొప్పతనం.

అయితే ఆ జవాబుని ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో తెలియాలి. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఒక్క మాటలో ఇది: ఎంఆర్ఐ బొమ్మలో ఆ నల్ల మచ్చ సెల్ కాదు. ఆ సెల్‌లోని ఇనుము చుట్టుపక్కల నీటిని ఏం చేసిందో ఆ మచ్చ చూపిస్తుంది. ఇనుము ఎంత ఉంది, ఎంత దగ్గరగా పేరుకుని ఉంది, మీరు ఏ పద్ధతిలో స్కాన్ చేశారు, వీటన్నిటినీ బట్టి ఆ మచ్చ మారుతుంది.

ఎంఆర్ఐ గురించి క్లుప్తంగా చెబుతాను, బయాలజీ వాళ్ల కోసం. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. నీటిలో హైడ్రోజన్ ఉంది, హైడ్రోజన్ కేంద్రకం ఒక ప్రోటాన్. బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే ప్రోటాన్ల అయస్కాంతత్వం ఆ క్షేత్రం చుట్టూ తిరుగుతుంది. ఎంత వేగంగా అంటే, ఒక టెస్లాకి సెకనుకు 4 కోట్ల 26 లక్షల సార్లు. ఆస్పత్రుల్లో మామూలుగా ఉండే 1.5 టెస్లా మెషీన్‌లో దాదాపు 6 కోట్ల 39 లక్షల సార్లు. క్షేత్రం ఎక్కువైతే వేగం ఎక్కువ, తక్కువైతే తక్కువ. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి చాలు. 1973లో పాల్ లాటర్‌బర్ క్షేత్రాన్ని కావాలనే ఒక వైపు నుంచి ఇంకో వైపుకి కొద్దికొద్దిగా మార్చి, ఏ సిగ్నల్ ఏ చోటు నుంచి వచ్చిందో కనిపెట్టి బొమ్మ గీసింది ఈ సూత్రంతోనే. పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిసి ఆయనకి 2003లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు సిగ్నల్ అంటే ఏమిటి? ఒక రేడియో పల్స్ ఇవ్వగానే ప్రోటాన్లన్నీ ఒకే తాళంలో తిరగడం మొదలుపెడతాయి. కోలాటం ఆడే బృందాన్ని తలుచుకోండి. అందరి కోలలూ ఒకే క్షణంలో తగిలితే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఒక్కొక్కరి లయ కొంచెం కొంచెం తేడాగా మారితే, ఎవరూ ఆట ఆపకపోయినా ఆ గట్టి చప్పుడు పోతుంది. కాయిల్‌లో మనకు వినిపించే సిగ్నల్ కూడా అంతే. నలుపు కనిపించిన చోట ప్రోటాన్లు లేవని కాదు. అక్కడ అవి తాళం తప్పాయి.

తాళం తప్పడానికి రెండు రకాల కారణాలు. ఒకటి, ప్రతి ప్రోటాన్ ఉన్న చోట క్షేత్రం స్థిరంగా కాస్త వేరుగా ఉండడం. రెండు, నీటి అణువు కదులుతూ ఉండడం వల్ల దానికి తగిలే క్షేత్రం క్షణక్షణానికి ఇష్టమొచ్చినట్టు మారుతూ ఉండడం. మొదటి రకాన్ని సరిదిద్దవచ్చు. మధ్యలో ఇంకో పల్స్ ఇచ్చి ప్రోటాన్ల స్థితిని తిరగేస్తే, ముందుకు పోయినవి వెనకబడ్డట్టు, వెనకబడ్డవి ముందున్నట్టు అవుతాయి. అంతే సమయం గడిచాక అన్నీ మళ్లీ కలుస్తాయి. దీన్ని ఎర్విన్ హాన్ 1950లో కనిపెట్టాడు, దాని పేరు స్పిన్ ఎకో. రెండో రకాన్ని ఏ పల్సూ సరిదిద్దలేదు, ఎందుకంటే ఆ అణువు అప్పటికే వేరే చోట ఉంటుంది. స్పిన్ ఎకోతో కొలిచే తరుగుదల కాలాన్ని టీ2 అంటాం. ఆ సరిదిద్దడం లేకుండా గ్రేడియంట్ ఎకోతో కొలిచేదాన్ని టీ2 స్టార్ అంటాం. టీ2 స్టార్ ఎప్పుడూ టీ2 కంటే ఎక్కువ ఉండదు. ఈ రెండింటి మధ్య తేడాలోనే మన కథంతా ఉంది.

ఇక రేణువు సంగతి. ఇది మాగ్నెటైట్, లేదా దాని చుట్టం మాగ్హెమైట్. ఐరన్ ఆక్సైడ్ స్ఫటికం. మామూలు మాగ్నెటైట్ రాయి శాశ్వత అయస్కాంతం. అదే స్ఫటికాన్ని పది నానోమీటర్ల స్థాయికి తగ్గిస్తే చిత్రమైన మార్పు వస్తుంది. మొత్తం స్ఫటికం ఒకే దిక్కుకి తిరిగిన ఒకే అయస్కాంతం అవుతుంది, కానీ గది వేడి చాలు ఆ దిక్కుని అటూ ఇటూ తిప్పేయడానికి. బయట క్షేత్రం లేకపోతే సగటున అయస్కాంతత్వం సున్నా. స్కానర్‌లో పెట్టగానే అన్నీ ఒకే దిక్కుకి నిలబడతాయి. దీన్ని సూపర్ పారామాగ్నెటిజం అంటారు. లూయీ నేల్ 1949లోనే దీనికి సిద్ధాంతం ఇచ్చాడు. ఒంట్లోకి పంపే మందుకి ఇది వరం లాంటి గుణం. సీసాలో ఉన్నప్పుడు, రక్తంలో ఉన్నప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టవు.

రక్తంలో కూడా ఇనుము ఉంది కదా, మరి రక్తం ఎందుకు ఇంత నల్లగా కనిపించదు అని మీలో ఎవరికైనా సందేహం రావచ్చు. మంచి సందేహం. హిమోగ్లోబిన్‌లో ఇనుము పరమాణువులు దూరదూరంగా, ఒక్కొక్కటి విడిగా ఉంటాయి. ఆక్సిజన్ పట్టుకున్నప్పుడైతే వాటి అయస్కాంతత్వం పూర్తిగా అణిగిపోతుంది. అదే ఐదు నానోమీటర్ల మాగ్నెటైట్ రేణువులో రెండు వేల ఆరువందల దాకా ఇనుము పరమాణువులు ఒకే స్ఫటికంలో కట్టుబడి, అన్నీ కలిసి ఒకే అయస్కాంతంగా తిరుగుతాయి. పరిమాణం కన్నా ఈ కట్టుబాటే అసలు బలం.

ఇప్పుడు బోర్డు మీద ఒక లెక్క వేద్దాం. ఈ లెక్క చేయకుండా ఈ విషయం ఎవరికీ పూర్తిగా పట్టుబడదని నా నమ్మకం. దయచేసి మీరూ వేయండి.

ఒక సెల్ పది పికోగ్రాముల ఇనుము మింగిందనుకుందాం. ల్యాబ్‌లో స్టెమ్ సెల్స్‌కి ఇలా ఇనుముతో గుర్తు పెడితే, అంటే లేబుల్ వేస్తే, మామూలుగా వచ్చే స్థాయి అదే. పికోగ్రామ్ అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. మన ఎర్ర రక్తకణం ఒక్కోదానిలో పదో వంతు పికోగ్రామ్ ఇనుము ఉంటుంది. అంటే వంద ఎర్రకణాల ఇనుము ఒక్క సెల్‌లో చేరింది. దాన్ని మాగ్నెటైట్‌గా లెక్కేస్తే దాదాపు పద్నాలుగు పికోగ్రాములు. ఒక కిలో మాగ్నెటైట్‌కి 80 ఆంపియర్ చదరపు మీటర్ల అయస్కాంత భ్రామకం అనుకోండి. అయితే ఈ సెల్ భ్రామకం 1.1ని లక్ష కోట్లతో భాగిస్తే వచ్చేంత. చాలా చిన్న సంఖ్య. కానీ దగ్గరగా ఉన్న నీటికి అది చిన్నది కాదు.

సెల్ వ్యాసం పదిహేను మైక్రాన్లు. దాని అంచు దగ్గర ఈ చిన్న అయస్కాంతం వల్ల క్షేత్రంలో వచ్చే తేడా దాదాపు పావు మిల్లీటెస్లా. అక్కడి ప్రోటాన్ సెకనుకు పదకొండు వేల చుట్లు తేడాగా తిరుగుతుంది. అక్కడ సిగ్నల్ క్షణంలో పోతుంది, దాంట్లో సందేహం లేదు. ఇప్పుడు సెల్ మధ్య నుంచి యాభై మైక్రాన్ల దూరం వెళ్దాం. దూరం ఘనంతో క్షేత్రం పడిపోతుంది, ఒక మైక్రోటెస్లా లోపుకి వస్తుంది. తేడా సెకనుకు 37 చుట్లు. గ్రేడియంట్ ఎకోలో ఎకో సమయం, అంటే పల్స్ ఇచ్చాక సిగ్నల్ వినేదాకా గడిచే సమయం, 20 మిల్లీసెకన్లు పెట్టామంటే ఆ ప్రోటాన్ ముప్పావు చుట్టు తేడాతో ఉంటుంది. ఇది సెల్‌కి ప్రక్కగా ఉన్న నీటి సంగతి. స్కానర్ క్షేత్రం దిశలో, సెల్‌కి పైనా కిందా ఉన్న నీటికి తేడా రెట్టింపు, పైగా దాని గుర్తు వ్యతిరేకం. అంటే ఒక వైపు నీరు ముందుకు పోతుంటే ఇంకో వైపు నీరు వెనకబడుతోంది. ఆ ప్రాంతమంతా తాళం తప్పింది. అదే వంద మైక్రాన్ల దూరంలో చూస్తే తేడా సెకనుకు ఐదు చుట్ల లోపే. ఎకో సమయంలో చుట్టులో పదో వంతు. అక్కడ దాదాపు అంతా మామూలే.

ఫలితం చూడండి. పదిహేను మైక్రాన్ల సెల్ తన చుట్టూ వంద మైక్రాన్ల వెడల్పున నల్లబరుస్తోంది. ఘనపరిమాణంలో చూస్తే తనకన్నా దాదాపు మూడువందల రెట్లు. ఎకో సమయం రెట్టింపు చేస్తే నల్లబడే ఘనపరిమాణం కూడా రెట్టింపు అవుతుంది. ఇనుము రెట్టింపైనా అంతే. కాబట్టి ఆ మచ్చ సైజు చూసి సెల్స్ గుంపు సైజు చెప్పేవాళ్లని నమ్మకండి. స్కాన్ సెట్టింగ్ మార్చితే మచ్చ మారుతుంది, సెల్స్ మాత్రం మారవు.

ఇంకో సంగతి. ఒక టెస్లా దాటాక ఈ రేణువుల అయస్కాంతత్వం దాదాపు నిండిపోతుంది. 1.5 నుంచి 3 టెస్లాకి వెళ్లినా వాటి బలం పెద్దగా పెరగదు. మూడు టెస్లా మెషీన్ మంచిదే, కానీ దాని లాభం నాయిస్ కన్నా సిగ్నల్ మెరుగవ్వడంలో ఉంది, రేణువు బలంలో కాదు.

మరి ఒక్క సెల్‌ని చూడొచ్చా? ల్యాబ్‌లో చూశారు. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ వాళ్లు, కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని లండన్ నగరం వాళ్లు, ఈ శతాబ్దం మొదటి పదేళ్లలోనే చిన్న జంతువుల్లో విడి సెల్స్‌ని చూపించారు. వాళ్ల బొమ్మలో ఒక్కో గడి వంద మైక్రాన్ల స్థాయిలో ఉంటుంది. అలాంటి గడిలో మనం లెక్కేసిన నల్ల గోళం సగం ఆక్రమిస్తుంది, స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్పత్రి స్కాన్‌లో గడి ఒక మిల్లీమీటరు. అందులో ఆ గోళం వాటా రెండు వేలలో ఒక వంతు. కనిపించదు. రోగుల్లో ఎంఆర్ఐ చూపించేది వేల సెల్స్ ఒకచోట చేరినప్పుడే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగానికి వస్తున్నాను. ఒకే పరిమాణంలో ఇనుము తీసుకుందాం. ఒకసారి దాన్ని నీటిలో విడివిడి రేణువులుగా కలపండి. ఇంకోసారి సెల్స్‌కి మింగించి, ఆ సెల్స్‌ని అదే నీటిలో కలపండి. మొత్తం ఇనుము ఒక్కటే. మరి సిగ్నల్ ఒకేలా ఉంటుందా? ఉండదు. ఎందుకో చూద్దాం.

విడి రేణువు చిన్నది. దాని చుట్టూ తేడా ఉన్న ప్రాంతం కొన్ని పదుల నానోమీటర్లే. నీటి అణువు ఊరుకోదు కదా. 20 మిల్లీసెకన్లలో కణజాలంలో పది మైక్రాన్లకు పైగా తిరిగేస్తుంది. ఆ దారిలో ఎన్నో రేణువుల పక్క నుంచి పోతుంది. ఒకచోట కాస్త ముందుకు, ఇంకోచోట కాస్త వెనక్కు, ఇలా పోను పోను చాలావరకు చెల్లుకు చెల్లవుతుంది. మిగిలేది అల్లిబిల్లిగా పోగైన కొద్దిపాటి తేడా. అది కదలిక వల్ల వచ్చింది కాబట్టి స్పిన్ ఎకో దాన్ని సరిదిద్దలేదు. అందుకే విడి రేణువుల ద్రావణంలో టీ2, టీ2 స్టార్ ఇంచుమించు సమానంగా ఉంటాయి.

సెల్ మింగితే బయాలజీ రంగంలోకి వస్తుంది. రేణువులు సైటోప్లాజంలో తేలుతూ ఉండవు. ఎండోసోమ్ అనే పొర సంచీలో లోపలికి వస్తాయి, అక్కడి నుంచి లైసోసోమ్‌లోకి చేరతాయి. ఒక్కో సంచీలో కిక్కిరిసిపోయి ఉంటాయి. స్కానర్‌లో అన్నీ ఒకే దిక్కుకి నిలబడతాయి కాబట్టి దూరం నుంచి చూస్తే ఆ సెల్ మొత్తం ఒకే పెద్ద అయస్కాంతం. దాని ప్రభావం మనం లెక్కేసినట్టు పదుల మైక్రాన్లు పాకుతుంది. ఎకో సమయంలో నీటి అణువు ఆ ప్రాంతాన్ని దాటిపోలేదు. ఎక్కడ ఉన్న నీరు దాదాపు అక్కడే ఉండి, తనకు తగిలిన తేడాతోనే తిరుగుతుంది. సగటుకి అవకాశమే లేదు. గ్రేడియంట్ ఎకోలో సిగ్నల్ గట్టిగా పడిపోతుంది. కానీ తేడా స్థిరమైనది కనుక స్పిన్ ఎకో దాన్ని చాలావరకు వెనక్కి తెస్తుంది. ఈ స్థితికి 1994లో యబ్లాన్‌స్కీ, హాకీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిద్ధాంతం రాశారు. రేణువులు నింపిన సెల్స్‌కి అది సరిపోతుందని 2002లో ఒంటారియో బృందం చూపించింది. సెల్ లోపలికి పోయాక టీ1 ప్రభావం, అంటే పల్స్ తర్వాత ప్రోటాన్లని త్వరగా మొదటి స్థితికి చేర్చడం, కూడా బాగా తగ్గుతుంది. టీ1 ప్రభావానికి నీరు రేణువు పక్కకి వచ్చి పోవాలి, కిక్కిరిసిన పొర సంచీలో అంత రాకపోకలు ఉండవు.

ఇది కాగితం మీద సిద్ధాంతంలా అనిపిస్తుంది. కానీ ఒక సాయంత్రం పనితో కళ్లారా చూడొచ్చు. లేబుల్ చేసిన సెల్స్‌ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ట్యూబు అడుగున ముద్ద తుప్పు రంగులో కూర్చుంటుంది. లేబుల్ లేని సెల్స్ ముద్ద పాలిపోయిన తెలుపు. ఆ తుప్పు రంగు చూడగానే లేబుల్ ఎక్కిందని తెలుస్తుంది. కొన్ని సెల్స్‌ని యాసిడ్‌లో కరిగించి ఇనుము ఎంతో కొలుస్తారు. ఒక ట్యూబులో ఆ సెల్స్‌ని గోరువెచ్చటి అగరోజ్ జెల్‌లో కలుపుతారు. ఇంకో ట్యూబులో సరిగ్గా అంతే ఇనుము ఉండేలా విడి రేణువులు కలుపుతారు. కలిపేటప్పుడు ఓపిక కావాలి, ఒక చిన్న గాలి బుడగ ఉండిపోతే అదీ నల్లటి మచ్చగానే కనిపిస్తుంది. జెల్ గట్టిపడ్డాక రెండూ పక్కపక్కన స్కాన్ చేస్తే, గ్రేడియంట్ ఎకోలో రెండూ నల్లగా కనిపిస్తాయి. అదే ఎకో సమయంతో స్పిన్ ఎకో తీస్తే సెల్స్ ఉన్న ట్యూబు తేరుకుని తెల్లబడుతుంది, విడి రేణువులున్న ట్యూబు నల్లగానే మిగులుతుంది. ఒకే ఇనుము, రెండు అద్దాల్లో రెండు ముఖాలు. విడి రేణువులతో గీసిన కొలత పట్టీ పెట్టుకుని సెల్స్‌లోని ఇనుము లెక్కగడితే లెక్క తప్పుతుందని ఆ రెండు ట్యూబులే చెబుతాయి. ఈ తేడానే వాడుకుని, ఇనుము సెల్ లోపల ఉందా బయట ఉందా అన్నది చెప్పే ప్రయత్నాలు కూడా జరిగాయి.

ఆస్పత్రుల్లో దీని వాడకం గురించి రెండు మాటలు. మొదట వచ్చినది లివర్ కోసం. ఫెరుమాక్సైడ్స్ అనే డెక్స్‌ట్రాన్ పూత పూసిన మందుకి 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. రక్తంలోకి ఎక్కిస్తే లివర్‌లోని కుఫ్ఫర్ సెల్స్ దాన్ని మింగుతాయి, మంచి లివర్ నల్లబడుతుంది. క్యాన్సర్ గడ్డలో కుఫ్ఫర్ సెల్స్ ఉండవు కాబట్టి అది తెల్లగా మిగిలి బయటపడుతుంది. ఇదే తర్కాన్ని లింఫ్ నోడ్స్‌కి వాడి, 2003లో 80 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల మీద ఒక అధ్యయనం వచ్చింది. క్యాన్సర్ పాకిన నోడ్స్‌ని పట్టుకోవడంలో మామూలు ఎంఆర్ఐ సున్నితత్వం 35.4 శాతం ఉంటే, రేణువులతో 90.5 శాతానికి చేరింది. ఇంత మంచి ఫలితాలున్నా ఈ మందులు మార్కెట్‌లో నిలవలేదు. ఫెరుమాక్సైడ్స్ తయారీ 2008 ప్రాంతంలో ఆగిపోయింది. సెల్స్‌ని వెంబడించే పరిశోధకులకి అది పెద్ద దెబ్బ. రక్తహీనత చికిత్స కోసం 2009లో అనుమతి పొందిన ఫెరుమాక్సిటాల్ అనే ఐరన్ మందుని హెపారిన్, ప్రోటమిన్‌లతో కలిపి సెల్స్‌కి పట్టించే పద్ధతిని 2012లో కనిపెట్టి ఆ లోటు కొంత పూడ్చుకున్నారు. ఆ మందు రక్తనాళంలోకి ఎక్కిస్తే కొందరిలో ప్రమాదకరమైన ఎలర్జీ రావచ్చని 2015లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక జోడించింది. అలర్జీ విషయం తేలిగ్గా తీసుకోకూడదు.

మచ్చ సెల్ కాదని మొదట్లో అన్నాను. ఆ తేడా ఎంత ఖరీదైనదో గుండె మీద చేసిన ప్రయోగాల్లో తెలిసింది. గుండెపోటు వచ్చిన ఎలుకల గుండెలోకి లేబుల్ చేసిన స్టెమ్ సెల్స్ పంపారు. వారాల తర్వాత కూడా ఎంఆర్ఐలో నల్ల మచ్చ అలాగే ఉంది. సెల్స్ బతికి ఉన్నాయనుకోవాలి కదా? గుండెని కోసి మైక్రోస్కోప్ కింద చూశారు. పెర్ల్స్ స్టెయిన్ వేస్తే ఇనుము నీలంగా కనిపిస్తుంది. ఆ నీలం ఉన్నది మ్యాక్రోఫేజ్‌లలో, అంటే ఒంట్లో చెత్తని మింగి శుభ్రం చేసే సెల్స్‌లో. పంపిన సెల్స్ చాలావరకు చనిపోయాయి, వాటి శిథిలాలని ఇనుముతో సహా మ్యాక్రోఫేజ్‌లు మింగి అక్కడే కూర్చున్నాయి. 2007, 2008లలో వేర్వేరు బృందాలు ఇదే చెప్పాయి. ఇప్పుడు మళ్లీ ఇనుము సెల్ లోపలే ఉంది, సంచుల్లోనే ఉంది, కిక్కిరిసే ఉంది. కాబట్టి టీ2, టీ2 స్టార్ తేడా కూడా మనల్ని కాపాడలేదు. ఇనుము ఎలా పేరుకుని ఉందో అది చెబుతుంది, ఎవరి కడుపులో ఉందో చెప్పదు.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. సెల్ బతికి, ఆరోగ్యంగా విభజన చెందితే ఇనుము పిల్ల సెల్స్‌కి సగం సగం పంచుకుంటుంది. ఐదు తరాలయ్యాక ఒక్కో సెల్‌లో దాదాపు ముప్పై వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. మచ్చ మాయమవుతుంది. బతికినవి కనిపించవు, చనిపోయినవి కనిపిస్తాయి. ఒక రోగి కుటుంబానికి 'మీ స్టెమ్ సెల్స్ గుండెలో పనిచేస్తున్నాయి, ఇదిగో స్కాన్' అని చూపించడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి మీరే చెప్పండి. ఇది నాకు బాధ కలిగించే విషయం, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. మొదటి రోజుల్లో సెల్స్ ఎక్కడ పడ్డాయో చెప్పడానికి ఈ రేణువులంత మంచి సాధనం లేదు. నెలల తర్వాత అవి బతికున్నాయా అన్నదానికి ఇవి సాక్ష్యం కావు.

మన దగ్గరికి వస్తే, ఇదే ఫిజిక్స్ ఇక్కడ రోజూ పిల్లల ప్రాణాలు కాపాడుతోంది. తలసీమియా ఉన్న పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి వెళ్తే అలాంటి కుటుంబాలు ఎన్నో కనిపిస్తాయి. ఒక్కో యూనిట్ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి వస్తుంది. దాన్ని బయటికి పంపే దారి మన శరీరానికి లేదు. అది ఫెరిటిన్, హీమోసిడెరిన్ అనే ఇనుము నిల్వ రూపాల్లో లివర్ సెల్స్‌లో, గుండె కండరంలో పేరుకుంటుంది. ఎవరూ పంపని, శరీరమే తయారుచేసుకున్న ఐరన్ ఆక్సైడ్ అది. మాగ్నెటైట్ అంత బలమైనది కాదు, కానీ మోతాదు ఎక్కువ. 2001లో లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆస్పత్రి వాళ్లు గుండె కండరం టీ2 స్టార్‌ని కొలిచి, అది 20 మిల్లీసెకన్లకన్నా తగ్గితే గుండెలో ఇనుము చేరినట్టేనని చూపించారు. 10 కన్నా తగ్గితే గుండె వైఫల్యం ముంచుకొచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. రక్తంలో ఫెరిటిన్ పరీక్ష ఒక్కటే చూస్తే ఇది తెలియదు. ఫెరిటిన్ ఓ మాదిరిగా ఉండి గుండెలో ఇనుము నిండినవాళ్లు ఉంటారు. కాబట్టి పిల్ల రిపోర్టు పట్టుకుని ఎవరైనా మీ దగ్గరికి వస్తే, ముందు గుండె టీ2 స్టార్ అంకె చూడండి. అంకె ప్రమాదంలో ఉన్నా అది మారుతుంది. ఇనుముని బయటికి లాగే కీలేషన్ మందులు క్రమం తప్పకుండా వాడితే నెలలూ ఏళ్లూ గడిచేకొద్దీ మళ్లీ పెరుగుతుంది.

ముందు వరుసలో ఒకమ్మాయి చీటీ పంపింది. 'ఇంత ఇనుము మింగితే సెల్‌కి హాని జరగదా సార్?' చాలా మంచి ప్రశ్న అమ్మా. లైసోసోమ్‌లో ఆమ్లత్వం ఎక్కువ, పీహెచ్ ఐదు లోపుకి దిగుతుంది. అక్కడ డెక్స్‌ట్రాన్ పూత ఊడి, స్ఫటికం వారాల్లో నెమ్మదిగా కరుగుతుంది. ఆ ఇనుము శరీరంలోని మామూలు ఇనుము నిల్వల్లో కలిసిపోతుంది. ఒంట్లో మొత్తం మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది కాబట్టి ఆ మోతాదు శరీరానికి లెక్కలోది కాదు. కానీ ఆ ఒక్క సెల్‌కి లెక్కలోదే. విడుదలైన ఇనుము సెల్‌ని దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని పుట్టించగలదు. చాలా ప్రయోగాల్లో సెల్స్ బాగానే బతికాయి, విభజన కూడా చెందాయి. అయినా 2004లో ఒక బృందం గమనించింది: లేబుల్ చేసిన మెసెంకైమల్ స్టెమ్ సెల్స్ ఎముకగా, కొవ్వుగా మారగలిగాయి గాని, మృదులాస్థిగా మారడం దెబ్బతింది. అంటే మోకాలి కార్టిలేజ్ కోసం సెల్స్ తయారుచేసేవాళ్లు ఈ లేబుల్ వాడేముందు ఆ ప్రశ్నని తమ సెల్స్ మీద విడిగా పరీక్షించుకోవాలి. ఏ సెల్‌కి, ఎంత మోతాదు, ఏ పని కోసం అని ప్రతిసారీ అడగాల్సిందే.

ఇంకో చీటీ, ఫిజిక్స్ వైపు నుంచి. 'మైక్రో బ్లీడ్ (చిన్న రక్తస్రావం), కాల్షియం, గాలి, అన్నీ నల్లగానే కనిపిస్తే మన సెల్స్‌ని ఎలా వేరుచేస్తాం?' నిజమే, నలుపు ఒక్కటే చూస్తే వేరుచేయలేం. సెల్స్ పంపకముందు తీసిన స్కాన్ ఉండాలి, ఇది మొదటి నియమం. రెండోది, సిగ్నల్ బలంతో పాటు ఫేజ్ కూడా, అంటే ప్రోటాన్లు తాళంలో ఎంత ముందున్నాయో వెనకున్నాయో కూడా, చూడాలి. ఇనుము క్షేత్రాన్ని పెంచుతుంది, కాల్షియం కాస్త తగ్గిస్తుంది. ఫేజ్ బొమ్మలో వాటి గుర్తులు ఎదురెదురుగా ఉంటాయి. ఆ ఫేజ్ నుంచి అయస్కాంత స్వభావాన్ని లెక్కగట్టే పద్ధతి ఇప్పుడు చాలా చోట్ల వాడుతున్నారు. మూడోది, నలుపుకి బదులు తెలుపు చూపించే పద్ధతులు. ఇనుము చుట్టూ పౌనఃపున్యం మారిన నీటిని మాత్రమే పట్టుకుని, మిగతా నీటిని అణిచేస్తే ఆ చోటు వెలుగుతుంది. నాలుగోది, ఎంఆర్ఐ వదిలేసి నేరుగా రేణువునే చూడడం. మాగ్నెటిక్ పార్టికల్ ఇమేజింగ్ అనే ఈ పద్ధతిని 2005లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఫిలిప్స్ పరిశోధకులు ప్రకటించారు. అందులో సిగ్నల్ నీటి నుంచి కాకుండా రేణువు నుంచే వస్తుంది. కణజాలం కనిపించదు, గాలి బుడగా కనిపించదు. ఇనుము ఎంత ఉందో అంకె నేరుగా వస్తుంది.

కానీ అది కూడా ఇనుమునే లెక్కపెడుతుంది, బతికున్న సెల్స్‌ని కాదు. బతికుందా అన్న ప్రశ్నకి సెల్ తానుగా తయారుచేసుకునే గుర్తు కావాలి. ఫెరిటిన్ జీన్‌ని సెల్‌లో పెట్టి, సెల్ బతికున్నంతకాలం తనే ఇనుముని పోగుచేసుకునేలా చేసే ప్రయోగాలు 2005 నుంచి జరుగుతున్నాయి. విభజన చెందినా ఆ గుర్తు పలచబడదు, ఎందుకంటే పిల్ల సెల్స్ కూడా ఫెరిటిన్ తయారుచేస్తాయి. చిక్కేమిటంటే ఫెరిటిన్‌లోని ఇనుము మాగ్నెటైట్ కన్నా చాలా బలహీనమైన అయస్కాంతం, సిగ్నల్‌లో తేడా తక్కువ వస్తుంది. సెల్ లోపల మాగ్నెటైట్ స్ఫటికాలు పెంచడం కొన్ని బ్యాక్టీరియాలకి తెలుసు, వాటి జీన్స్ మీద కూడా పని నడుస్తోంది. ఫిజిక్స్ వాళ్లు, బయాలజీ వాళ్లు కలిసి కూర్చోవాల్సిన పని అది. టీ తాగాక ఆసక్తి ఉన్నవాళ్లు ఉండండి, బోర్డు మీది లెక్కని ఫెరిటిన్‌కి మార్చి మళ్లీ వేద్దాం.